మోడల్ డ్రివెన్‌కు ఉజ్వల భవిష్యత్తు, ఎప్పటిలాగే

సాఫ్ట్‌వేర్‌లో చాలా పద్ధతులకు గతం ఉంది, కొన్నింటికి వర్తమానం ఉంది. భవిష్యత్తు మాత్రం మోడల్ డ్రివెన్ ఇంజినీరింగ్‌కే రాసిపెట్టి ఉంది. దశాబ్దాలుగా ఉంది. వాడకం తక్కువ కాబట్టి ఎక్కడా అరగలేదు, నలగలేదు. మోడల్ అనే బొమ్మ గీస్తే చాలు, కోడ్ దానంతట అదే వచ్చేస్తుంది, ప్రోగ్రామర్ అనే దళారీ పీడ విరగడవుతుంది అన్న సంగతిని ప్రతి తరమూ మొదటిసారి తానే కనిపెట్టింది. దాన్ని నిజం చేసే పనికి ప్రతి తరమూ ప్రోగ్రామర్లనే కుదుర్చుకుంది.

చరిత్ర కూడా ఈ పక్షానే నిలబడింది. 1954లో ఐబీఎంలోని ఫోర్ట్రాన్ బృందం వెలువరించిన తొలి నివేదిక, ఈ భాష వస్తే కోడింగూ, తప్పులు వెతికి సరిచేసే డీబగ్గింగూ దాదాపు అంతరించిపోతాయని ప్రకటించింది. డీబగ్గింగ్ ఆ నివేదికను చదివినట్టు లేదు. 1981లో బ్రిటన్‌లో ‘ది లాస్ట్ వన్’ అనే ప్రోగ్రాం జనరేటర్ అమ్మకానికి వచ్చింది. అడిగినవాటికి జవాబులిస్తే బేసిక్ భాషలో ప్రోగ్రాం రాసిచ్చేది. ఇదొక్కటి కొంటే ఇక మరో ప్రోగ్రాం కొనక్కర్లేదని ఆ పేరు. ఆ తర్వాత పుట్టిన ప్రోగ్రాంలన్నీ, న్యాయంగా చూస్తే, మర్యాద తెలియనివి. 1989లో ఐబీఎం ఏడీ సైకిల్‌ను ప్రకటించింది. సాఫ్ట్‌వేర్ డిజైన్ బొమ్మలు గీసే అప్పటి కేస్ టూల్స్ అన్నీ తమ మోడళ్లను రిపాజిటరీ అనే ఒకే ఉమ్మడి గిడ్డంగిలో దాచుకుని కలిసిమెలిసి బతకాలన్నది ఆశయం. కొన్నేళ్లకే ఆ ఆశయం సద్దుమణిగింది. అయితే ఆ 1989లోనే ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ అనే ప్రమాణాల సంస్థ పుట్టింది గనుక లోటేమీ రాలేదు. ఆ సంస్థ 1997లో యూఎంఎల్ అనే బొమ్మల భాషను ప్రమాణంగా ఆమోదించి, 2001లో మోడల్ డ్రివెన్ ఆర్కిటెక్చర్‌ను లోకానికి ప్రసాదించింది.

సదరు ఆర్కిటెక్చర్ ప్రకారం ముందుగా కంప్యూటర్ ఊసే లేని మోడల్ గీయాలి. అందులోంచి ప్లాట్‌ఫారం (కోడ్ నడిచే వేదిక) ఊసు లేని మోడల్ రావాలి. అందులోంచి ఫలానా ప్లాట్‌ఫారానికి సరిపడే మోడల్, చివరికి కోడ్. ఒక్కో మెట్టుకీ మధ్య ఒక బాణం ఉంటుంది. మొదటి మోడల్ నుంచి రెండో మోడల్‌కు వెళ్లే బాణాన్ని నడపగల టూల్ మాత్రం కనబడదు. ఆ బాణం దగ్గర ఒక మనిషి కూర్చుని ఆలోచించాలి. ఆలోచనకు ప్రమాణ పత్రంలో గుర్తు లేదు కాబట్టి బాణం వేసి ఊరుకున్నారు.

మోడల్ ఎలా ఉండాలో చెప్పేది మెటామోడల్. మెటామోడల్ ఎలా ఉండాలో చెప్పేది మెటా మెటామోడల్, దాని పేరు మాఫ్. మరి మాఫ్ ఎలా ఉండాలో ఎవరు చెబుతారని అడిగే అల్పులకు జవాబు సిద్ధంగానే ఉంది: మాఫ్ గురించి మాఫే చెబుతుంది. మాఫ్ ఎం-3, మెటామోడల్ ఎం-2, మోడల్ ఎం-1, ఈ స్థాయిలన్నీ ఇలా ముస్తాబయ్యాక మిగిలేది ఎం-0. అంటే అసలు నడిచే సిస్టం. అదింకా లేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతలో పేరు పెట్టడంతో ఆగారు. ఇక్కడ పేరు ఎలా పెట్టాలో చెప్పే నియమావళికి నియమావళి కూడా తయారైంది.

ఒక మోడల్‌ను మరో మోడల్‌గా మార్చడానికి ప్రామాణిక భాష కావాలని 2002లో ప్రతిపాదనలు పిలిచారు. 2008లో క్యూవీటీ 1.0 వచ్చింది. ఒక భాష కావాలంటే మూడు ఇచ్చారు: రిలేషన్స్, కోర్, ఆపరేషనల్. ఆ మూడింటితోనూ పని కాకపోతే బయటి భాషలో రాసిన కోడ్‌ను పిలుచుకోవడానికి బ్లాక్ బాక్స్ అనే దారి కూడా ఉంచారు. నిజానికి ఈ ప్రమాణంలో అన్నిటికన్నా దూరదృష్టి ఉన్నది ఆ బ్లాక్ బాక్స్‌లోనే.

ఇక యూఎంఎల్. చివరిగా వచ్చిన 2.5.1 వెర్షన్ 2017 నాటిది. దాదాపు 800 పేజీలు, 14 రకాల బొమ్మలు. జనం గీసేవి క్లాస్ డయాగ్రం, సీక్వెన్స్ డయాగ్రం, స్టేట్ మెషీన్. ప్రాజెక్టు మొదట్లో శాస్త్రానికి ఒక యూజ్ కేస్ డయాగ్రం కూడా గీస్తారు: పుల్లల మనిషి, పక్కన ఒక కోడిగుడ్డు ఆకారం, మధ్యలో గీత. మిగతావి సర్టిఫికేషన్ పరీక్షల కోసం భద్రపరచబడ్డాయి.

బొమ్మ అయితే అందరికీ ఒకేలా అర్థమవుతుందన్నది ఈ ఉద్యమానికి మూలస్తంభం. దాన్ని కొంచెం ఊపి చూద్దాం. ఒక హీటర్‌కు స్టేట్ మెషీన్ గీయండి, అంటే అది ఏయే స్థితుల్లో (స్టేట్‌లలో) ఉంటుందో, దేనికి మారుతుందో చూపే బొమ్మ. బయట ‘పనిచేస్తోంది’ అనే స్టేట్, దాని లోపల ‘గరిష్ఠ వేడి’ అనే మరో స్టేట్. ‘బటన్ నొక్కారు’ అనే ఒకే ఈవెంట్‌కు రెండు బాణాలు పెట్టండి. లోపలి స్టేట్ నుంచి వెళ్లేది వేడిని ఒక మెట్టు తగ్గిస్తుంది, బయటి స్టేట్ నుంచి వెళ్లేది మొత్తం ఆపేస్తుంది. ఇప్పుడు బటన్ నొక్కితే ఏమవుతుంది? యూఎంఎల్ నియమం ప్రకారం లోపలిదే గెలుస్తుంది, వేడి తగ్గుతుంది. స్టేట్‌చార్టులనే ఇలాంటి బొమ్మలకు తొలినాటి టూల్ అయిన స్టేట్‌మేట్ సంప్రదాయంలో బయటిది గెలుస్తుంది, హీటర్ ఆగిపోతుంది. మ్యాట్‌ల్యాబ్ కుటుంబంలోని స్టేట్‌ఫ్లో టూల్ కూడా బయటిదాన్నే ముందు చూస్తుంది. ఒకటే బొమ్మ, ఒకటే బటన్. హీటర్ వేడి తగ్గుతుందో, ఆరిపోతుందో బొమ్మలో లేదు, కొన్న లైసెన్స్‌లో ఉంది.

స్టేట్‌ఫ్లోలో ఇంకో వింత కూడా ఉండేది, ఇప్పటికీ పాత చార్టుల్లో తగులుతుంది. బాణాల వరుసను ఇంప్లిసిట్‌గా, అంటే అంకెలు వేయకుండా టూల్‌కే వదిలేస్తే, ఒకే రకం లేబుల్ ఉన్న బాణాల్లో దేన్ని ముందు పరీక్షించాలో అవి బొమ్మలో ఉన్న చోటును బట్టి తేలుతుంది. బాణాలు చీలే జంక్షన్ దగ్గరైతే గడియారంలో 12 ఉండే చోటు నుంచి మొదలుపెట్టి కుడిచేతి వాటంగా తిరుగుతూ వస్తుంది. అంటే ఎవరో పుణ్యాత్ముడు బొమ్మ అందంగా లేదని ఒక బాణాన్ని కొంచెం అటు జరిపితే ప్రోగ్రాం నడక మారుతుంది. రివ్యూ చేసేవాడు మార్పుకు జతచేసిన ‘బొమ్మ సర్దాను’ అన్న కమిట్ సందేశం చూసి కళ్లు మూసుకుని ఆమోదిస్తాడు. అందుకే ఇప్పుడు డిఫాల్ట్‌గా ఒక్కో బాణం మీద అంకె కనబడేలా ఎక్స్‌ప్లిసిట్ వరుస పెట్టారు. పైథాన్‌లో ఖాళీలు జరిగితే అర్థం మారుతుందని నవ్వేవారు ఈ విషయం తెలిస్తే కొంచెం నెమ్మదిస్తారు.

ఇప్పుడు అసలు పుండు దగ్గరికి వద్దాం. మోడల్ నుంచి కోడ్ పుట్టింది, బాగుంది. ఆ కోడ్‌ను ఎవరైనా చేత్తో మారిస్తే? శాస్త్రం ప్రకారం మార్చకూడదు. ప్రొడక్షన్‌లో సర్వర్ పడిపోయిన రాత్రి శాస్త్రం నిద్రపోతూ ఉంటుంది. మోడల్ తెరిచి, సరిచేసి, జనరేటర్ నడిపి, మొత్తం బిల్డ్ చేయడానికి పట్టే సమయంలో కోడ్‌లో విలువ ఖాళీగా ఉందేమో చూసే మూడు లైన్ల నల్ చెక్ పెట్టి ఇంటికి పోవచ్చు. పోతారు. తర్వాతి వారం ఎవరో మోడల్‌లో ఒక ఫీల్డ్ చేర్చి జనరేట్ నొక్కుతారు. మూడు లైన్లూ గల్లంతు. సర్వర్ మళ్లీ పడుతుంది, ఈసారి ‘ఇది అప్పుడే సరిచేశాం కదా’ అన్న వాదనతో సహా.

దీనికి మందులు లేకపోలేదు. మొదటిది రక్షిత ప్రాంతాలు. ఎస్‌టీఎం-32 చిప్‌ల కోసం వాడే క్యూబ్ ఎంఎక్స్ టూల్ పుట్టించే సీ భాష ఫైళ్లలో ‘యూజర్ కోడ్ బిగిన్’, ‘యూజర్ కోడ్ ఎండ్’ అనే కామెంట్లు జంటలుగా ఉంటాయి. ఆ రెంటి మధ్య రాసింది మళ్లీ జనరేట్ చేసినా బతుకుతుంది, ఒక్క లైను గీత దాటినా పోతుంది. కొత్తగా చేరినవారు ఈ సంగతిని ఎక్కువగా రెండోసారి జనరేట్ చేసినప్పుడే నేర్చుకుంటారు.

రెండోది ఎక్లిప్స్ మోడలింగ్ ఫ్రేమ్‌వర్క్ (ఈఎంఎఫ్) పద్ధతి. పుట్టిన ప్రతి జావా మెథడ్ మీదా జావాడాక్ కామెంట్‌లో ‘జనరేటెడ్’ అని ట్యాగ్ ఉంటుంది. చేత్తో మార్చినప్పుడు దాని పక్కన ‘నాట్’ అని రాస్తే జనరేటర్ ఆ మెథడ్ జోలికి రాదు. రాయడం మరిచిపోతే మీ పని తుడిచిపెట్టుకుపోతుంది. రాశారనుకోండి, ఆ మెథడ్ విషయంలో మోడల్ మాట చెల్లదు. రెండేళ్లు గడిచాక ‘జనరేటెడ్ నాట్’ ఎన్ని చోట్ల ఉందో వెతికి లెక్కపెడితే, ప్రాజెక్టు ఎంత శాతం మోడల్ డ్రివెన్‌గా మిగిలిందో సర్వే లేకుండానే తెలుస్తుంది.

మూడోది జనరేషన్ గ్యాప్: బేస్ క్లాస్‌ను టూల్ పుట్టిస్తుంది, దాని మీద ఆధారపడే సబ్ క్లాస్‌ను మనిషి రాస్తాడు, రెండూ వేరే ఫైళ్లు. మూడింటిలో ఇదే మేలు. అయితే జావాలో ‘ఇది బేస్ క్లాస్ మెథడ్‌కు బదులు’ అని చెప్పే ఓవర్‌రైడ్ అనొటేషన్ పెట్టడం మరవకూడదు. మోడల్‌లో ఒక ఆపరేషన్ పేరు మార్చి జనరేట్ చేస్తే బేస్ క్లాస్‌లో మెథడ్ పేరు మారుతుంది, సబ్ క్లాస్‌లో చేత్తో రాసింది పాత పేరుతోనే ఉంటుంది. అనొటేషన్ ఉంటే కంపైలర్ అరుస్తుంది. లేకపోతే అంతా పచ్చగా బిల్డ్ అవుతుంది, మీ మెథడ్‌ను ఇక ఎవరూ పిలవరు, డిస్కౌంట్ లెక్క వేయాల్సిన చోట సున్నా వస్తుంది. బొమ్మలో మాత్రం అంతా సవ్యం.

రౌండ్ ట్రిప్ అని నాలుగోది ఉంది, కోడ్ మారితే బొమ్మ దానంతట అదే మారుతుందట. అలా వచ్చే బొమ్మలో 300 డబ్బాలు, ఒక్కోదానిలో విలువ చదివే గెటర్లు, విలువ మార్చే సెటర్లు, అన్నిటి నుంచీ లాగర్ క్లాస్‌కు గీతలు. దాని గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

ఒక్కరే పనిచేస్తే ఈ బాధలతో సరిపోతుంది. ఇద్దరు పనిచేస్తే ఇద్దరి మార్పులనూ కలిపే మెర్జ్ వస్తుంది. పాపిరస్ అనే యూఎంఎల్ టూల్‌లో ఒక మోడల్ అంటే మూడు ఫైళ్లు: డాట్ యూఎంఎల్‌లో అర్థం, డాట్ నొటేషన్‌లో డబ్బాలు ఎక్కడున్నాయో, మూడోది డాట్ డీఐ. ఒక డబ్బాను పక్కకు జరిపితే అర్థం మారదు గానీ నొటేషన్ ఫైల్ మారుతుంది. అదే రోజు మరొకరు వేరే బ్రాంచ్‌లో అదే డబ్బాను ఇంకో పక్కకు జరిపారు. ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే గిట్ దృష్టిలో ఇది ఘర్షణ. రెండు ఎక్స్ నిరూపకాల మధ్య తీర్పు చెప్పమని గిట్ అడుగుతుంది. తీర్పు చెప్పేటప్పుడు ఒక గుర్తింపు సంఖ్య ఉన్న లైను పొరపాటున పోతే ఫైల్ ఇక తెరుచుకోదు. మ్యాట్‌ల్యాబ్ కుటుంబంలోనిదే అయిన సిమ్యులింక్ టూల్ ఫైల్ ఇంకా గడుసుది, అది లోపల జిప్. లైన్లవారీగా పోల్చడం గిట్ వల్ల కాదు. ఈఎంఎఫ్ కంపేర్ వంటి ప్రత్యేక టూల్స్ ఉన్నాయి, కాన్ఫిగర్ చేసుకునే ఓపిక ఉన్నవారికి బాగానే పనిచేస్తాయి. ఓపిక లేనివారు ‘ఈ వారం మోడల్ నా దగ్గర ఉంది, ఎవరూ ముట్టుకోవద్దు’ అని గ్రూప్‌లో మెసేజ్ పెట్టుకుంటారు.

పనితీరు సంగతి క్లుప్తంగా. బొమ్మలో కస్టమర్‌కూ ఆర్డర్‌కూ మధ్య ఒక గీత. ఆ గీత నుంచి పుట్టిన గెటర్, అడిగినప్పుడే డేటాబేస్‌కు వెళ్లే రకం. స్క్రీన్ మీద 500 మంది కస్టమర్లను, వాళ్ల ఆర్డర్ల సంఖ్యను చూపించాలి. కస్టమర్ల కోసం డేటాబేస్‌కు ఒక ప్రశ్న (క్వెరీ), ఆర్డర్ల కోసం మనిషికొకటి చొప్పున 500, వెరసి 501. బొమ్మలో ఇప్పటికీ గీత ఒక్కటే. పేజీ ఎందుకు నత్తనడక నడుస్తోందో తెలియాలంటే ఎవరూ చదవకూడదన్న ఆ కోడ్‌నే తెరిచి చదవాలి.

ఇంత ఉజ్వల వాతావరణంలోనూ కొందరు ఈ పద్ధతిని నిజంగానే వాడి ఉద్యమానికి మచ్చ తెస్తున్నారు. విమానాల వాళ్లు అందరికన్నా ముందున్నారు. విమాన సాఫ్ట్‌వేర్‌కు డీఓ-178సీ అనే ప్రమాణం ఉంది, దానికి తోడుగా 2011లో మోడళ్ల కోసమే డీఓ-331 వచ్చింది. ఎయిర్‌బస్ వాడే స్కేడ్ టూల్‌కు లస్టర్ అనే భాష పునాది. అందులో ప్రతి బ్లాక్‌కూ గణితపరంగా ఒకే అర్థం. గడియారం టిక్కుమన్నప్పుడల్లా ఇన్‌పుట్‌లు చదవడం, లెక్క వేయడం, అవుట్‌పుట్‌లు రాయడం, అంతే. రన్ టైంలో మెమరీ కేటాయింపు లేదు, హద్దు లేని లూపులు లేవు. దాని కోడ్ జనరేటర్‌నే ప్రమాణం కోరే కఠిన స్థాయికి క్వాలిఫై చేశారు కాబట్టి, పుట్టిన సీ కోడ్‌ను మోడల్‌తో పోల్చి మళ్లీ రివ్యూ చేసే పని తప్పుతుంది. డబ్బు మిగిలేది ఆ తప్పిన రివ్యూలోనే. బొమ్మలు గీయడంలో ఏమీ మిగలదు. కార్ల వాళ్లదీ దాదాపు ఇదే దారి: కంట్రోల్ లెక్కలు సిమ్యులింక్‌లో, కంప్యూటర్ల మధ్య పొందిక 2003లో మొదలైన ఆటోసార్ అనే కార్ల ప్రమాణపు ఫైళ్లలో. ఆ ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లను చదివినవారు భక్తి మార్గం పడతారు, అది వేరే సంగతి. ఈ రెండు రంగాల్లోనూ కిటుకు ఒక్కటే, చెప్పుకోవడానికే చప్పగా ఉంటుంది: పరిధి ఇరుకు, అర్థం ఖరారు, పుట్టిన కోడ్ మీద మనిషి చెయ్యి పడదు.

గెలిచిన మిగతా చోట్ల ఈ పద్ధతికి పేరు దక్కలేదు. 1970ల నాటి యాక్ అనే టూల్‌కు ఒక భాష వ్యాకరణం రాసిస్తే ఆ భాషను చదివే పార్సర్ పుట్టించింది. డేటాబేస్‌ల భాష ఎస్‌క్యూఎల్‌లో ఏం కావాలో చెబితే ఎలా తేవాలో డేటాబేస్ చూసుకుంటుంది. ప్రోటోకాల్ బఫర్స్‌లో ప్రోటో ఫైల్‌లో రాసిన ఒక మెసేజ్ నిర్వచనం నుంచి జావా, పైథాన్, సీ ప్లస్ ప్లస్ కోడ్ వస్తుంది, వచ్చినదాన్ని ఎవరూ దిద్దరు, అలాంటి కోరిక కూడా పుట్టదు. ఇవన్నీ మోడల్ నుంచి కోడ్ తీసేవే. కానీ వీటిలో డబ్బాలు లేవు, మెటా అన్న మాట లేదు, వీటిమీద వర్క్‌షాప్ పెడితే టీ విరామం తప్ప చర్చించడానికేమీ ఉండదు. కాబట్టి కులంలో కలుపుకోలేదు. కాకపోతే సిస్టంలను మోడల్ చేసే సిస్‌ఎంఎల్ భాషకు 2025లో ఆమోదం పొందిన రెండో వెర్షన్ యూఎంఎల్ పునాదిని వదిలేసి, బొమ్మలతో పాటు టెక్స్ట్ రూపాన్ని కూడా ప్రామాణికం చేసింది. ఇప్పుడు మోడల్‌ను అక్షరాలతో రాయవచ్చు, గిట్‌లో పెట్టవచ్చు, లైను లైనూ పోల్చుకోవచ్చు. దాదాపు మూడు దశాబ్దాల మేధోమథనం తర్వాత మోడలింగ్ ప్రపంచం లిపిని కనిపెట్టింది. అభినందించాలి.

మధ్యలో లో-కోడ్ వచ్చింది. 2014లో ఫారెస్టర్ అనే పరిశోధనా సంస్థ ఈ పేరు పెట్టింది. డబ్బాలు లాగి గీతలు కలిపితే అప్లికేషన్ తయారు. తొలి 80 శాతం పని రెండు రోజుల్లో అయిపోతుంది. మిగిలింది ‘ఎక్స్‌ప్రెషన్’ అనే చిన్న కిటికీలో రాయాలి. నాలుగు అక్షరాల వెడల్పున్న ఆ కిటికీలో 60 లైన్ల జావాస్క్రిప్ట్ బతుకుతుంది. దానికి డీబగ్గర్ లేదు, టెస్టు లేదు, వెతికితే దొరకదు. కోడ్ తక్కువ అన్నమాట నిజమే, ఉన్న కోడ్ కనబడటం తక్కువ.

ఇప్పటి వంతు అడిగింది రాసిచ్చే ఏఐలది, అంటే పెద్ద భాషా మోడళ్లది. మోడల్ అనే పేరు వాటిలోనే ఉంది కాబట్టి ఉద్యమం వాటిని సొంతం చేసుకోవడానికి సిద్ధపడింది. పాత మూడు మెట్లు చక్కగా సరిపోతాయి: మొదట అడగడం, తర్వాత వివరంగా అడగడం, చివరికి బతిమాలుకోవడం. తేడా ఒక్కటే. పాత జనరేటర్‌కు అదే మోడల్ పదిసార్లు ఇస్తే పదిసార్లూ ఒకే కోడ్ వచ్చేది. దీనికి అదే స్పెసిఫికేషన్ రెండుసార్లు ఇస్తే రెండు రకాల కోడ్ వస్తుంది. జవాబులో యాదృచ్ఛికత ఎంతో నిర్ణయించే టెంపరేచర్‌ను సున్నాకు దించినా, సర్వర్‌లో మన అభ్యర్థన ఏ బ్యాచ్‌లో పడిందో దాన్ని బట్టి ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలు వెంట్రుకవాసి మారి, ఒక టోకెన్ (మాట ముక్క) పక్కకు జారి, అక్కడి నుంచి దారి వేరైపోవచ్చు. కాబట్టి ఒకసారి పనిచేసిన కోడ్‌ను మళ్లీ పుట్టించే సాహసం ఎవరూ చేయరు. దాన్నే కమిట్ చేసి, చేత్తోనో మరో ప్రాంప్ట్‌తోనో దిద్దుకుంటూ పోతారు. మార్క్‌డౌన్‌లో రాసిన స్పెసిఫికేషన్ మూడో వారం నుంచి అబద్ధమాడటం మొదలుపెడుతుంది. గోడకు అంటించిన క్లాస్ డయాగ్రానికి ఇదంతా కొట్టినపిండి.

ఈ భాషా మోడల్‌ను కాస్త పనికొచ్చే చోట కూర్చోబెట్టవచ్చు, అది ఉద్యమానికి రుచించదు గానీ. తుది కోడ్ కాకుండా ప్రోటో ఫైలో, స్టేట్ల పట్టికో, జనరేటర్‌కు అచ్చుగా పనికొచ్చే టెంప్లేటో, వాటికి టెస్టులో రాయమనండి. అవి చిన్నవి, మనిషి చదివి సరిచూడగలడు. ఒకసారి సరిచూశాక కోడ్ పుట్టించే పని నిలకడగల పాత జనరేటర్‌కు వదిలేయండి. ఒకప్పుడు ఒక టెంప్లేట్ రాయడానికి నిపుణుడు వారాలు కూర్చోవాల్సి వచ్చేది, అతను ఉద్యోగం మారితే జనరేటర్ అనాథ అయ్యేది. ఆ ఖర్చు ఇప్పుడు బాగా తగ్గింది. ఇందులో విప్లవం ఏమీ లేకపోవడమే చిక్కు. సదస్సుకు పోస్టర్ వేయడానికి పనికిరాదు.

మీ బృందం మోడల్ డ్రివెనా కాదా తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. రిపాజిటరీని కొత్త మెషీన్ మీదికి దించుకోండి. జనరేట్ అయిన కోడ్ ఉన్న ఫోల్డర్ తీసేయండి. జనరేటర్ నడిపి, బిల్డ్ చేసి, టెస్టులు వేయండి. ఎక్కువగా జనరేటర్ దగ్గరే ఆగుతుంది: అది అడిగే జావా వెర్షన్ ఇప్పుడు ఎవరి దగ్గరా ఉండదు, లేదా మెటామోడల్‌లో ఎవరో ఒక ఫీల్డ్ పేరు మార్చి ఉంటారు, పాత మోడల్ ‘ఫీచర్ నాట్ ఫౌండ్’ అంటూ తెరుచుకోనంటుంది. అది దాటితే గిట్‌లో తేడాలు చూడండి. కామెంట్లలోని తేదీలు, ఇంపోర్ట్‌ల వరుస వంటి చిల్లర తేడాలు పక్కన పెడితే, మిగిలిన ప్రతి తేడా ఎవరో ఒక రాత్రి చేత్తో సరిదిద్దిన బగ్. వాటిని ఒక్కొక్కటిగా మోడల్‌లోకో టెంప్లేట్‌లోకో ఎక్కించడానికి ఎన్నాళ్లు పడుతుందో లెక్కకట్టి మేనేజర్ గారి ముందు పెట్టండి. ఆయన కాగితం అంతా శ్రద్ధగా చదివి, ఇంతకన్నా మంచి మోడలింగ్ టూల్ ఏదైనా మార్కెట్‌లో ఉందేమో కనుక్కోమంటారు.